కొత్త రంగు వేసిన లక్షా పదివేల పద్మినియా, వెలిసిపోయిన రెండు లక్షల డెబ్బై అయిదు వేల పద్మినియా?

ప్రశ్న: కృష్ణాతీరం (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 1998 వరకు ఒక ప్రీమియర్ పద్మిని ఉండేది. గేరు కడ్డీ స్టీరింగు పక్కన ఉండడం వల్ల ముందు సీటు సోఫాలా ఈ చివర నుండి ఆ చివరి దాకా ఒకటే ఉండేది, అందుచేత నేనూ మా చెల్లెలూ ఇద్దరం నాన్నగారి పక్కనే కూర్చుని తెనాలిలో అమ్మమ్మగారి ఇంటికి వెళ్లేవాళ్లం. ఆ బండి ఎవరి చేతికి వెళ్లిందో, ఏ పాత ఇనుము కొట్టులో కలిసిపోయిందో ఇప్పుడు తెలియదు. అటువంటిదే ఒకటి కొని, ఆదివారాలు నాన్నగారిని ఎక్కించుకుని తిప్పాలని నా కోరిక. ఆయనకు ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు, కాబట్టి దీనిని ఎక్కువ కాలం వాయిదా వేసే ఉద్దేశం నాకు లేదు.

ఆరు నెలలు వెతికిన మీదట రెండు బండ్లు తేలాయి. మొదటిది 1986 మోడలు, గుంటూరు దగ్గర ఒక మధ్యవర్తి వద్ద ఉన్నది, ధర 1,10,000 రూపాయలు. రెండు నెలల క్రితమే లేత నీలం రంగు కొట్టించారు, సీట్లకు కొత్త రెగ్జిన్ వేయించారు, ఫొటోలలో పెళ్లికొడుకులా మెరిసిపోతున్నది. రెండవది 1979 మోడలు, అనంతపురంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయులు మొదటి నుండి తామే వాడుకున్నది, ధర 2,75,000 రూపాయలు. దీని రంగు పూర్తిగా వెలిసిపోయింది. టాపు మీద చెయ్యి పెట్టి రుద్దితే సున్నంలా తెల్లటి పొడి అంటుకుంటుందని ఆయనే ఫోనులో చెప్పారు. వెనుక సీటు చిరిగింది, ముందు బంపరు మీద క్రోమ్ పొరలుగా లేచింది, రెండేళ్లుగా బండి రోడ్డెక్కలేదు.

నా చేతిలో మూడు లక్షలు ఉన్నాయి. మొదటి బండి కొంటే రెండవదానితో పోల్చినప్పుడు 1,65,000 రూపాయలు మిగులుతాయి, ఆ సొమ్ముతో ఏవైనా చిన్నాచితకా పనులుంటే చేయించుకోవచ్చును కదా అన్నది మా ఇంట్లోవాళ్ల వాదన. చూపులకే బాగాలేని బండికి రెండున్నర రెట్లు ఎందుకు పెట్టాలో నాకూ బోధపడడం లేదు. నాన్నగారు మాత్రం రెండు ఫొటోలూ చూసి ఏమీ అనలేదు. అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: రేకుపని (రాజమహేంద్రవరం)

ముప్పై ఏళ్లుగా టింకరింగు పనిలో ఉన్నవాడిని. మీరు ధరలు పోల్చారు, రంగులు పోల్చారు, సీట్లు పోల్చారు, కానీ రెండు బండ్లలో ఒక్కదాని అడుగు భాగం ఫొటో కూడా అడగలేదు. పాత కారు బేరం అక్కడ మొదలవుతుంది.

పద్మినికి లారీకి ఉన్నట్టు అడుగున విడిగా ఛాసిస్ అనే ఇనుప చట్రం ఉండదు. నేల రేకు, తలుపుల కింద రెండు పక్కలా నడిచే పెట్టెల వంటి భాగాలు, ఇంజినుకు ఇటూ అటూ ఉండే రేకు గోడలు, డిక్కీ నేల, ఇవన్నీ కలిపి వెల్డు చేసిన ఒకే గుల్ల అది. ఇంజిను దానికే వేలాడుతుంది, ముందు సస్పెన్షన్ దానికే బిగిసి ఉంటుంది, వెనుక కమాను కట్టలు దానినే పట్టుకుని ఉంటాయి. ఆ రేకు తుప్పు తిన్నదంటే బండి వెన్నెముక తుప్పు తిన్నదని అర్థం. మీరు అనుకుంటున్న చిన్నాచితకా పనుల లెక్కలోకి అది రాదు.

ఇంజిను సంగతి వేరు. ఫియట్ 1100 డిలైట్‌గా 1964లో బొంబాయిలోని కుర్లాలో తయారీ మొదలై, 1970లలో పద్మిని అన్న పేరు పెట్టుకుని, శతాబ్దం మారేదాకా వచ్చిన బండి ఇది. ఆ 1089 సీసీ ఇంజిను దేశంలో ఎంతమంది మేస్త్రీలు విప్పి బిగించారో లెక్క లేదు. బొంబాయిలో టాక్సీగా తిరిగిన ఆఖరి పద్మిని 2023 అక్టోబరు చివరలో రోడ్డు దిగింది, అంటే మొన్న మొన్నటి వరకు వాటికి సామాన్లు సరఫరా అవుతూనే ఉన్నాయి. పిస్టన్లు, రింగులు, క్లచ్ ప్లేటు, బ్రేకు సిలిండర్లు నేటికీ వెతికితే దొరుకుతాయి. కుళ్లిపోయిన నేల రేకు మాత్రం ఏ కొట్టులోనూ అట్టపెట్టెలో పెట్టి అమ్మరు. రేకు కోసి, వంచి, గుడ్డిగా కొలతలు కట్టి, వెల్డు చేసే మనిషి చేతి పని అది, అటువంటి మనుషులు మా ఊళ్లో ఇప్పుడు ఇద్దరో ముగ్గురో మిగిలారు.

ఇక మీ నీలం బండి విషయం. అమ్మబోయే రెండు నెలల ముందు ఎవరైనా రంగు ఎందుకు వేయిస్తారు? పైన పటారం, లోన లొటారం అన్న మాట ఇలాంటి బండ్లను చూసే పుట్టి ఉంటుందని నా అనుమానం. తుప్పు పట్టిన చోట రేకు మార్చకుండా, తీగల జల్లెడ ముక్కో, ఫైబరు గుడ్డో అంటించి, దాని మీద అర అంగుళం మందాన లప్పం పూసి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది రంగు కొడితే, ఒక వానాకాలం వరకు ఎవరికీ తెలియదు. వెలిసిపోయిన పాత రంగుకు ఆ నటన చేతకాదు. దాని కింద తుప్పు లేస్తే బుడగలై పైకి కనిపిస్తుంది, సొట్ట పడితే సొట్టగానే ఉంటుంది. ఆ ఉపాధ్యాయులు మీకు చూపులకు బాగాలేని బండిని అమ్మజూపడం లేదు, దాపరికం లేని బండిని అమ్మజూపుతున్నారు. పైగా అనంతపురం మన రాష్ట్రంలోనే వానలు తక్కువగా పడే జిల్లా. మచిలీపట్నంలోనో కాకినాడలోనో ఉప్పుగాలికి పెరిగిన రేకుకూ, అక్కడి పొడిగాలికి పెరిగిన రేకుకూ చాలా తేడా ఉంటుంది.

అయినా నా మాట నమ్మవద్దు, రెండింటినీ వెళ్లి చూడండి. ఫ్రిజ్ తలుపు మీద అంటించుకునే చిన్న అయస్కాంతం ఒకటి పలుచని గుడ్డలో చుట్టుకుని వెళ్లండి. తలుపుల కింది అంచుల మీద, చక్రాల పై వంపుల మీద, హెడ్‌లైట్ల చుట్టూ దానిని ఆనించి చూడండి. రేకు ఉన్న చోట పట్టుకుంటుంది, లప్పం మందంగా ఉన్న చోట జారి పడుతుంది. వేలి కణుపుతో తట్టినా తెలుస్తుంది, రేకు మోగుతుంది, లప్పం మోగదు. లోపలి మ్యాట్లు ఎత్తించి డ్రైవరు కాళ్ల దగ్గర, బ్యాటరీ కూర్చునే తట్ట కింద, డిక్కీ నేల మీద చూడండి. చివరగా, బండికి జాకీ పెట్టవలసిన చోటే జాకీ పెట్టి ఒక పక్క లేపించి, అలా లేపి ఉండగానే ఆ పక్క తలుపులు తెరిచి మూయండి. గుల్ల గట్టిగా ఉంటే తలుపు ముందు ఎలా పడిందో అలాగే పడుతుంది. తలుపు పట్టేసినా, సందు వెడల్పు మారినా వెన్నెముక వంగుతున్నదని తెలుసుకోండి. జాకీ పెట్టడానికి అమ్మే మనిషి ఒప్పుకోకపోతే ఇక మీరు పరీక్షించవలసినది ఏమీ లేదు, ఇంటికి వచ్చేయవచ్చును.

జవాబు: ఉత్తర్‌పారా బాధితుడు (హైదరాబాదు)

పై వారు చెప్పినదానికి నా ఖాతా పుస్తకమే సాక్ష్యం. 2017లో 1977 నాటి మార్క్ 3 అంబాసిడర్ ఒకటి 65,000 రూపాయలకు దొరికిందని ఎగిరి గంతేశాను. అదే సమయంలో సికింద్రాబాదులో ఒక వైద్యుల కుటుంబం వారు చక్కగా చూసుకున్న అంబాసిడర్‌ను రెండున్నర లక్షలకు ఇస్తామన్నారు, నేను వద్దన్నాను. తక్కువకు కొని నాకు కావలసినట్టు చేయించుకుంటానన్న అహంకారం నాది.

ఆ తరువాత జరిగిన ఖర్చు ఇది: రేకుపనికి 1,90,000, రంగుకు 85,000, ఇంజినుకు 70,000, సీట్లకూ లోపలి లైనింగుకూ 30,000, క్రోమ్ పూతకు 28,000, టైర్లకూ వైరింగుకూ కలిపి 22,000. కొన్న ధరతో కలిపితే 4,90,000 రూపాయలు అయింది. షెడ్డులో చేరిన రోజు నుండి బయటికి వచ్చిన రోజు వరకు రెండు సంవత్సరాల నాలుగు నెలలు పట్టింది. గత ఏడాది ఉద్యోగరీత్యా అమ్మవలసి వచ్చినప్పుడు, నాకు వచ్చిన అత్యధిక బేరం 2,60,000. బండి బాగుందని మెచ్చుకున్నవారు చాలామంది ఉన్నారు, కానీ నా బిల్లులు చూసి ధర పెంచినవారు ఒక్కరూ లేరు.

ఇందులో ఎవరూ నన్ను మోసం చేయలేదని కూడా చెప్పాలి. పాత బండి విప్పితే ఒకదాని వెనుక ఒకటి బయటపడుతుంది. రేడియేటరు తీస్తే నీళ్ల పంపు కారుతూ కనిపిస్తుంది, పంపు తీస్తే టైమింగు చైను వదులుగా కనిపిస్తుంది. “ఎలాగూ విప్పాం కదా సార్, ఇదీ మార్చేద్దాం” అన్న వాక్యం నేను ఆ రెండేళ్లలో ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను, ప్రతిసారీ అది సబబైన మాటే. ఇంజిను తెరిచాక, పిస్టన్లు ఆడే బోరును అరిగినప్పుడల్లా పెద్దది చేస్తూ అప్పటికే అరవై సైజుకు తెచ్చేశారు కాబట్టి ఇక దానిలో కొత్త లైనర్లు (లోపలి గొట్టాలు) దింపవలసిందేనని మేస్త్రీ చెప్పిన రోజున, నేను కొన్నది 65,000 రూపాయల బండి కాదని మొదటిసారి అర్థమైంది.

పెద్ద సామాన్లకన్నా చిన్నవే ఎక్కువ ఏడిపిస్తాయన్నది ఇంకో సంగతి. 2014 వరకు తయారైన బండి కాబట్టి అంబాసిడర్‌కు బ్రేకు లైనింగులు రాణీగంజ్‌లో దొరికాయి. నా మోడలుకు సరిపడే పార్కింగు దీపం గాజు ఒక్కటి, తలుపు లోపలి పిడి ఒక్కటి మాత్రం దొరకక చెన్నైలో పాత బండ్ల సామాన్లు అమ్మే పుదుప్పేటకు రెండు సార్లు తిరిగాను. అందుచేత మీరు బండి చూసేటప్పుడు గ్రిల్లు, బీడింగులు, మీటర్లు, హారన్ రింగు, హ్యాండిళ్లు, అద్దాలు అన్నీ అసలువి అక్కడే ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. చిరిగినా వెలిసినా పరవాలేదు, ఉండడం ముఖ్యం.

జవాబు: హెరాల్డ్ ఇంటివారు (తిరుపతి)

ఇక్కడ అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి ఇంకో వైపు నేను చెబుతాను. 2019లో నేను 40,000 రూపాయలకు ఒక స్టాండర్డ్ హెరాల్డ్ కొన్నాను, అది కోళ్లు గుడ్లు పెట్టే స్థితిలో ఉండేది, నేను బాధపడలేదు, ఇప్పటికీ బాధపడడం లేదు. అయితే ఎందుకు బాధపడలేదో చెప్పకపోతే తప్పుడు సలహా అవుతుంది.

మద్రాసులో తయారైన హెరాల్డ్‌కు పద్మినికి లేనిది ఒకటున్నది, విడి ఛాసిస్. దాని మీద బాడీ భాగాలు బోల్టులతో బిగించి ఉంటాయి. ముందు మడ్‌గార్డులతో సహా బానెట్టు మొత్తం ముందుకు వంగి తెరుచుకుంటుంది, ఇంజిను పక్కన చక్రం మీద కూర్చుని పని చేసుకోవచ్చును. నేల రేకు కుళ్లినా ఛాసిస్ బాగుంటే బండి రూపం చెదరదు, ఒక్కొక్క భాగమూ విప్పి మెల్లగా బాగు చేసుకోవచ్చును. మా నాన్నగారు మెకానిక్, వెల్డింగు నాకు వచ్చు, ఇంటి పక్కన రేకుల షెడ్డు ఉన్నది, తొందర లేదు. ఈ నాలుగూ ఉన్న మనిషికి చవక బండి ఒక చదువు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా అది అప్పు.

రేకుపని గారితో ఒక చోట విభేదిస్తాను. వెలిసిన రంగు దాపరికం లేదనడానికి గుర్తే గాని, బండి బాగుందనడానికి గుర్తు కాదు. పట్టించుకోకుండా పడేసిన బండికి కూడా రంగు వెలుస్తుంది. రెండేళ్లు కదలని బండిలో బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, పెట్రోలు ట్యాంకు లోపల తుప్పు పొరలు కడతాయి, రబ్బర్లు ఎండిపోతాయి. దానికి తోడు ఇప్పుడు బంకులలో పోసే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటున్నది, 1979 నాటి రబ్బరు పైపులూ పెట్రోలు పంపు డయాఫ్రమూ దానిని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. అనంతపురం బండి కొన్నా మొదటి నెలలో వాటిని మార్చే ఖర్చు పక్కన పెట్టుకోండి, ఆ ఖర్చును ముందే చూపించి బేరం ఆడండి.

మీ విషయంలో మాత్రం నాకు ధరకన్నా వయసే ముఖ్యంగా తోస్తున్నది. మీ నాన్నగారికి డెబ్బై ఎనిమిది అన్నారు. రెండు సంవత్సరాల నాలుగు నెలలు షెడ్డులో ఉండే బండి మీకు పనికిరాదు.

జవాబు: ఆక్స్‌ఫర్డ్‌షైర్ తెలుగు

నా దగ్గర 1972 ఎంజీబీ ఉన్నది. ఇంగ్లండు బండి గురించి ఇక్కడెందుకు అనుకోవద్దు, అంబాసిడర్‌కు మూలమైన మారిస్ ఆక్స్‌ఫర్డ్ పుట్టిన కౌలీ మా ఇంటికి దగ్గరే, అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజినూ నా ఎంజీబీలోని 1798 సీసీ ఇంజినూ ఒకే కుటుంబంలోవి.

ఎంజీబీ కూడా విడి ఛాసిస్ లేని గుల్ల బండే. ఇక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి తలుపుల కింది పెట్టెలు తినేయడం ప్రతి యజమానికీ తెలిసిన రోగం. మీకూ మాకూ ఉన్న తేడా ఏమిటంటే, బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988 నుండి ఎంజీబీ గుల్లలను పాత అచ్చులతోనే కొత్తగా తయారు చేసి అమ్ముతున్నది. అంటే బండి ఎంత కుళ్లినా, డబ్బు ఉంటే, గుల్ల మొత్తం కొత్తది తెచ్చుకోవచ్చును. అటువంటి సదుపాయం ఉన్న దేశంలో కూడా, ఇక్కడి క్లబ్బులలో పెద్దవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పే మొదటి మాట మీ చేతికందినంతలో అన్నిటికన్నా మంచి గుల్ల కొనమనే. ఎందుకంటే ఆ కొత్త గుల్ల ఒక్కదాని ధరకే, రంగుతో ఇంజినుతో చక్కగా నడిచే ఎంజీబీ మొత్తం వస్తుంది. పద్మినికి అటువంటి గుల్ల డబ్బు పెట్టినా దొరకదు కాబట్టి మీకు ఆ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుందని నా అభిప్రాయం.

ఇక్కడ ఇంకొక సౌకర్యం ఉన్నది. బండి రోడ్డు మీద తిరగడానికి పనికివస్తుందో లేదో చూసే ఎంఓటీ అనే తనిఖీలో ఏ బండికి ఏ లోపం రాశారో, నంబరు కొట్టి ఎవరైనా ఉచితంగా చూడవచ్చును. నేను ఒక బండిని చూడడానికి వెళ్లకుండానే వద్దనుకున్నాను, ఎడమ పక్క తుప్పు అని వరుసగా మూడేళ్లు రాసి, నాలుగో ఏట హఠాత్తుగా ఏమీ రాయలేదు, ఆ ఏడే రంగు మారింది. అటువంటి చరిత్ర మీకు ప్రభుత్వం ఇవ్వదు. ఆ ఉపాధ్యాయుల దగ్గర పాత సర్వీసు బిల్లులు దాచిన ఫైలు ఏమైనా ఉన్నదేమో అడగండి. ఉంటే దానికి కూడా ఒక ధర కట్టవచ్చును.

జవాబు: పాత గుమాస్తా (కర్నూలు)

రవాణా శాఖలో పని చేసి విరమించినవాడిని, కాగితాల సంగతి మాత్రం చెబుతాను. కండిషన్ అంటే కాగితాల కండిషన్ కూడా.

1989కి ముందు రిజిస్టరైన బండ్లు రెండూ, కాబట్టి వాటికి పాత పద్ధతి నంబర్లు ఉంటాయి. ఆ వివరాలు కంప్యూటరులోకి ఎక్కాయో లేదో ముందుగా చూసుకోండి. రిజిస్ట్రేషను మొదట పదిహేనేళ్లు, తరువాత అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి, అది ఎప్పుడో ఆగిపోయి ఉంటే దాని బకాయిలూ జరిమానాలూ కొన్నవారి నెత్తినే పడతాయి. రిజిస్ట్రేషను పుస్తకంలో ఉన్న పేరూ అమ్ముతున్న మనిషి పేరూ ఒకటి కావాలి. ఆ పేరు గల వ్యక్తి మరణించి ఉంటే, ముందు వారసులు ఫారం 31 ద్వారా తమ పేరున మార్చుకుని, ఆ తరువాతే ఫారం 29, 30 మీద మీకు రాయాలి. మధ్యవర్తులు ఖాళీ ఫారాల మీద సంతకాలున్నాయి కదా అంటారు, చనిపోయిన మనిషి సంతకంతో ఏ పనీ జరగదు. ఛాసిస్ నంబరు మీద కాగితం ఆనించి పెన్సిలుతో రుద్ది, పుస్తకంలో ఉన్న అంకెలతో సరిపోల్చుకోండి. ఇంజిను నంబరు కూడా చూడండి, చాలా పాత బండ్లకు నడుమలో ఎవరో డీజిలు ఇంజిను ఎక్కించి పుస్తకంలో రాయించకుండా వదిలేశారు.

ఇంకొక మాట. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం, యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ గుల్ల, ఇంజిను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చును. కొత్త నమోదుకు 20,000 రూపాయల రుసుము, పదేళ్ల గడువు, నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి. 1979 బండికి ఆ అర్హత 2029లో వస్తుంది. అప్పటికి గుల్ల కోసి అతికించినదై ఉంటే చిక్కు రావచ్చును. అయితే అలా నమోదైన బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతుకూ పెట్రోలు కోసమూ తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు, కాబట్టి ఆదివారం తెనాలి ప్రయాణాలు మీ లక్ష్యమైతే ఆ తొందర పడవద్దు.

ప్రశ్న అడిగిన కృష్ణాతీరం, మూడు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. ఆటోనగర్‌లో పని చేసే ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని రెండు బండ్లనూ చూసి వచ్చాను.

గుంటూరు బండి దగ్గర అయస్కాంతం మొదటి తలుపు మీద అంటుకుంది, నాకు ఆశ పుట్టింది. ఎడమవైపు వెనుక చక్రం పై వంపు మీద పెట్టగానే జారి నా చెప్పు మీద పడింది. అక్కడి నుండి తలుపు కింది అంచు వెంట జానెడు జానెడు దూరంలో పెడుతూ వచ్చాను, నాలుగు చోట్ల పడింది. మేస్త్రీ డ్రైవరు వైపు రబ్బరు మ్యాటు ఎత్తితే దాని కింద తారు షీటు అంటించి ఉన్నది, దాని అంచు పట్టుకుని లాగితే రేకు కూడా పెచ్చుగా దానితో వచ్చింది. ఆ కన్నంలో నుండి కింద ఉన్న గడ్డి కనిపించింది. పాత బండి అంటే ఇంతే కదా సార్, పైన బాగుంది కదా అని మధ్యవర్తి అన్నాడు. జాకీ మాట ఎత్తేసరికి, కొత్త రంగు పాడవుతుందని వద్దన్నాడు. పుస్తకంలో పేరున్న ఆసామి ఆరేళ్ల క్రితం పోయారట, ఆయన కొడుకులిద్దరికీ పడదట. మేస్త్రీ తిరుగు దారిలో కాగితం మీద వేసిన అంచనా ప్రకారం రేకుపనికే నా 1,65,000 చాలవు.

అనంతపురం బండి ఫొటోలలో కన్నా దగ్గరికి వెళ్లి చూస్తే ఇంకా బాగాలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. టాపు మీద చెయ్యి పెట్టాను, తెల్లబడింది. కానీ అయస్కాంతం ఒక్క చోట కూడా జారలేదు. జాకీ మీద లేపి తలుపు వేస్తే, నేల మీద ఉన్నప్పుడు ఎలా పడిందో అదే శబ్దంతో పడింది. డిక్కీ నేల మీద కంపెనీ వేసిన అసలు రంగు అలాగే ఉన్నది. హెరాల్డ్ గారు చెప్పినట్టే బ్రేకు పెడలు నేల దాకా దిగిపోయింది, ట్యాంకు అడుగున ఎర్రటి మడ్డి ఉన్నది, నీళ్ల పంపు కారుతున్నది. మేస్త్రీ వాటన్నిటికీ, రబ్బరు పైపులకూ కలిపి 45,000 అంచనా వేశాడు. ఆ కాగితం మాస్టారి ముందు పెట్టి అడిగితే, కాసేపు ఆలోచించి 2,48,000కు ఒప్పుకున్నారు. బిల్లుల ఫైలు ఉన్నది, 1983 నుండి ఉన్నది, ఆయిలు మార్చిన ప్రతిసారీ కిలోమీటర్లు ఎర్ర సిరాతో రాసుకున్నారు. రిజిస్ట్రేషను గడువులో ఉన్నది, ఛాసిస్, ఇంజిను నంబర్లు రెండూ సరిపోయాయి.

బయానా ఇచ్చి వచ్చాను. రంగు సంగతి నాన్నగారిని అడిగితే, ఇప్పుడే వేయించవద్దు, ముందు బ్రేకులు చూడు అన్నారు. బండి విజయవాడకు నడుపుకుంటూ తీసుకురావాలా, లారీ మీద వేయించుకోవాలా అన్నది మిగిలిన సందేహం. బ్రేకులు అక్కడే చేయిస్తే నడపవచ్చునని మేస్త్రీ అంటున్నాడు, టైర్ల మీద గుండీలు ఇంకా బాగానే ఉన్నాయి.

జవాబు: రేకుపని (రాజమహేంద్రవరం)

మంచి బేరం. టైరు గుండీలు చూసి మోసపోవద్దు, పక్క గోడ మీద చిన్న చట్రంలో నాలుగు అంకెలు ఉంటాయి, అవి చదవండి. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. 2314 అని ఉంటే 2014లో ఇరవై మూడవ వారంలో తయారైనదని అర్థం. అంత పాత రబ్బరు రెండేళ్లు ఒకే చోట నిలబడి ఉంటే ఎండలో హైవే మీద ఎప్పుడు విచ్చుకుంటుందో చెప్పలేము. లారీ మీదే వేయించండి. ఎక్కించేటప్పుడు తాళ్లు బంపరుకు కట్టనివ్వకండి, వెనుక ఇరుసుకూ ముందు సస్పెన్షన్ చేతులకూ కట్టించండి. మాస్టారి దగ్గర రెండవ తాళంచెవి, పాత జాకీ, స్టెప్నీ విప్పే పానా ఉన్నాయేమో అడిగి, బండితోపాటే తెచ్చుకోండి, అవి తరువాత పోస్టులో రావు.